రాంనగర్‌లో మనిషి, రాయదుర్గంలో మెషిన్

ఒక చోట కూర్చుని, ఇంకో చోట ఉన్న కంప్యూటరును నెట్‌వర్క్ మీదుగా నడిపించడం హైదరాబాదులో ఇప్పుడు వేలమందికి రోజువారీ పని. అలా నడిపిస్తున్న మనిషి, తాను చేసిన మార్పు వల్లే ఇక అందులోకి వెళ్లలేని పరిస్థితి తెచ్చుకోవడాన్ని సాఫ్ట్‌వేర్ వాళ్లు లాకౌట్ అంటారు. 'యాక్సెస్ పోయింది' అని కూడా అంటారు. కంప్యూటరు చెడిపోవడం వేరు, ఇది వేరు. ఇక్కడ మెషిన్‌కు ఏమీ కాదు. ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి. డిస్కులో ఉన్నది ఎక్కడిది అక్కడే ఉంటుంది. చాలాసార్లు దాని మీద నడిచే వెబ్‌సైటు కూడా జనానికి మామూలుగానే తెరుచుకుంటుంది. దాన్ని చూసుకోవాల్సిన మనిషి ఒక్కడికే లోపలికి దారి ఉండదు.

దీని మూలం ఒక్కచోటే ఉంది. దూరపు కంప్యూటరుకు ఆజ్ఞలు వెళ్లేది నెట్‌వర్క్ దారిన. ఆ దారిని, దాని కాపలాను, దాని తాళాలను మార్చే ఆజ్ఞలు వెళ్లేదీ ఆ దారినే. మార్పు తప్పయిందంటే, ఆ తప్పు దిద్దే ఆజ్ఞ పంపడానికి దారి మిగలదు. కూర్చున్న కొమ్మను నరుక్కోవడమంటే అచ్చంగా ఇదే. ఎదురుగా బల్ల మీద ఉన్న కంప్యూటరుతో ఈ చిక్కు రాదు. దాని కీబోర్డు, దాని తెర నెట్‌వర్క్‌తో పనిలేకుండా నేరుగా తగిలించి ఉంటాయి కాబట్టి, నెట్‌వర్క్ మొత్తం తెగిపోయినా దాని ముందు కూర్చుని సరిచేసుకోవచ్చు.

రాంనగర్, చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ వైపు ఉండే ఉద్యోగులకు ఆఫీసులు చాలావరకు నగరానికి పడమటి కొసన, మాదాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం దిక్కున ఉంటాయి. కరోనా కారణంగా 2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ, ఆ వెంటనే లాక్‌డౌన్ వచ్చాయి. చిక్కడపల్లి, నారాయణగూడ స్టేషన్లున్న మెట్రో గ్రీన్ లైన్ మొదలైంది అదే ఏడాది ఫిబ్రవరి 7న. నిండా రెండు నెలలు తిరగకుండానే అది ఆగిపోయింది, సెప్టెంబరు దాకా కదల్లేదు. ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు ఇంటికి తెచ్చుకున్నారు. లేనివాళ్లు ఆఫీసులో డెస్క్‌టాప్‌ను ఆన్‌లోనే ఉంచి, ఇంటి నుంచి రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా దాని తెరను చూస్తూ పనిచేసుకున్నారు.

ఈ పద్ధతిలో ఎక్కువగా జరిగే పొరపాటు అన్నిటికన్నా చిన్నది. సాయంత్రం పని ముగించి, చేతి అలవాటు కొద్దీ షట్‌డౌన్ నొక్కడం. ఆగింది ఇంట్లో ఉన్న కంప్యూటరు కాదు, నగరం అవతలి కొసన మూసిన ఆఫీసులో ఉన్నది. మళ్లీ ఆన్ చేయాలంటే ఒక మనిషి వెళ్లి బొత్తాం నొక్కాలి. ఆ రోజుల్లో ఆ మనిషి ఎవరంటే, భవనం కింద కూర్చున్న సెక్యూరిటీ గార్డ్. ఆయన్ను ఫోన్లో బతిమాలుకోవాలి, నాలుగో అంతస్తుకు పంపాలి, ఒకేలా ఉన్న వరసల్లో ఏది తన కంప్యూటరో గుర్తులు చెప్పాలి. ఈ సంగతి తెలిసే విండోస్ పాత వెర్షన్లు కొన్ని రిమోట్ సెషన్‌లో షట్‌డౌన్ బొత్తాన్ని కనపడనీయకుండా దాచేశాయి. కరెంటు పోయి వస్తే ఏమవుతుందన్నది ఇంకో సమస్య. కంప్యూటరు బయోస్‌లో 'కరెంటు రాగానే దానంతటది ఆన్ కావాలి' అనే ఏర్పాటు చేసి ఉంటే సరే, లేదంటే యూపీఎస్ బ్యాటరీ అయిపోయిన క్షణాన్నే ఆ మెషిన్ చేయి జారినట్టు.

సర్వర్ల సంగతి దీనికన్నా లోతైనది. లినక్స్ సర్వర్లలోకి వెళ్లే ప్రధాన మార్గం ఎస్ఎస్‌హెచ్. 1995లో ఫిన్లాండ్‌లోని హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయంలో నెట్‌వర్క్ మీద ఎవరో పాస్‌వర్డులు దొంగిలించారు. ఆ దెబ్బకు అక్కడి పరిశోధకుడు టాటు యూలోనెన్ దీన్ని రాశారు. అంతకు ముందున్న టెల్‌నెట్‌లో పాస్‌వర్డు ఉన్నది ఉన్నట్టుగా, దారిలో ఎవరైనా చదువుకోగలిగేలా వెళ్లేది. ఎస్ఎస్‌హెచ్ వచ్చాక మొత్తం సంభాషణ గూఢలిపిలోకి మారింది. ఫైళ్లు పంపే ఎఫ్‌టీపీకి 21, టెల్‌నెట్‌కు 23 పోర్టులు (నెట్‌వర్క్ తలుపుల నంబర్లు) కాగా, మధ్యలో ఖాళీగా ఉన్న 22ను యూలోనెన్ అడిగి తీసుకున్నారు. ఇప్పటికీ అదే. భద్రత పెరిగినకొద్దీ దాని తాళాలూ పెరిగాయి. వచ్చే కనెక్షన్లను వడకట్టే ఫైర్‌వాల్ ఒకటి, పాస్‌వర్డు బదులు పనిచేసే తాళంచెవి ఫైలు ఒకటి, ఎవరికి ప్రవేశం ఉందో చెప్పే జాబితా ఒకటి. సర్వర్‌ను దొంగల నుంచి కాపాడుకుందామని కూర్చున్న మనిషే దాని బయట పడడం ఇక్కడి విచిత్రం. లాకౌట్లు చాలాసార్లు భద్రత పెంచే పని మధ్యలోనే జరుగుతాయి.

ఉబుంటు అనే లినక్స్ రకం నడిచే సర్వర్ మీద ఫైర్‌వాల్ పెట్టడం చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. అందులో యూఎఫ్‌డబ్ల్యూ అనే తేలిక సాధనం ఉంటుంది. దాని సహజ నియమం, బయటి నుంచి వచ్చే ఏ కొత్త కనెక్షన్‌నూ లోపలికి రానివ్వకపోవడం. కాబట్టి ముందు 22వ పోర్టుకు అనుమతి రాసి, తర్వాత ఫైర్‌వాల్ ఆన్ చేయాలి. వరస తప్పి ముందే ఆన్ చేయబోతే అది ఊరుకోదు. 'ఈ పనితో ఇప్పుడున్న ఎస్ఎస్‌హెచ్ కనెక్షన్లకు భంగం కలగొచ్చు, ముందుకు వెళ్లాలా' అని అడుగుతుంది. పొద్దుటి నుంచి ఇలాంటి ప్రశ్నలకు ఇరవై సార్లు 'వై' కొట్టిన వేలు, దీనికీ 'వై' కొడుతుంది. ఫైర్‌వాల్ పనిచేస్తోందని జవాబు వస్తుంది.

అసలు మోసం ఆ తర్వాతే. చేతిలో ఉన్న కిటికీ పనిచేస్తూనే ఉంటుంది. అప్పటికే కుదిరిన కనెక్షన్‌ను ఫైర్‌వాల్ పాత చుట్టంగా గుర్తుపట్టి సాగనిస్తుంది, ఆపేది కొత్తగా వచ్చేవాళ్లనే. ఫైళ్ల జాబితా అడిగితే వస్తుంది. కర్సర్ ఎప్పటిలాగే మిణుకుతుంది. అంతా బాగుందనుకుని 'ఎగ్జిట్' కొట్టి, టీ తాగి వచ్చి మళ్లీ కలపబోతే ఏమీ రాదు. దాదాపు రెండు నిమిషాలు నల్ల తెరను చూశాక 'కనెక్షన్ టైమ్డ్ ఔట్' అని పడుతుంది. ఆ 'ఎగ్జిట్' కొట్టకుండా ఉంటే, అదే కిటికీలో ఒక్క వాక్యంతో తప్పు దిద్దుకోగలిగేవారు. ఎస్ఎస్‌హెచ్ సేవను రీస్టార్ట్ చేసినప్పుడూ ఇంతే. తెరిచి ఉన్న సెషన్లు తెగవు. కొత్త సెట్టింగులు వర్తించేది తర్వాత వచ్చేవాళ్లకే.

బయట పడ్డాక తెర మీద వచ్చే మాట ఏదో జాగ్రత్తగా చూసుకోవడం మేలు. అది ఊరికే తిరస్కరణ కాదు, జబ్బు ఎక్కడుందో చెబుతుంది. 'కనెక్షన్ టైమ్డ్ ఔట్' అంటే పంపిన పలకరింపుకు అవతల నుంచి ఏ జవాబూ రాలేదని. ఫైర్‌వాల్ దాన్ని చప్పుడు లేకుండా పారేసి ఉండాలి, లేదా మెషిన్ ఆగిపోయి ఉండాలి, లేదా దాని నెట్‌వర్క్ తెగి ఉండాలి. 'కనెక్షన్ రిఫ్యూజ్డ్' అంటే ఇంకాస్త నయం. మెషిన్ బతికే ఉంది, దారీ ఉంది, కానీ ఆ పోర్టు దగ్గర వినేవాళ్లు లేరు. ఎస్ఎస్‌హెచ్ సెట్టింగుల ఫైల్లో ఒక అక్షరం తప్పుపడి సేవ లేవకపోయినా, పోర్టు నంబరు మార్చి ఆ సంగతి మరిచిపోయినా ఇదే జవాబు. 'పర్మిషన్ డినైడ్' అంటే వినేవాళ్లు ఉన్నారు, మాట్లాడారు, చెవి మాత్రం తాళానికి పట్టలేదు.

ఈ మూడో జవాబుకు కారణాలు చాలా. తాళంచెవి ఫైలును సర్వర్ మీద పెట్టకముందే పాస్‌వర్డుతో ప్రవేశాన్ని ఆపేయడం అందులో మొదటిది. ప్రవేశం ఉన్నవాళ్ల జాబితాలో తన పేరే తప్పు రాసుకోవడం ఇంకొకటి. మరీ విడ్డూరమైనది ఫైళ్ల అనుమతులది. ఏదో ప్రోగ్రాం నడవడం లేదని విసిగి, తన ఫోల్డర్ మొత్తానికి 'అందరూ చదవొచ్చు, అందరూ రాయొచ్చు' అని త్రిబుల్ సెవెన్ అనుమతి ఇచ్చేవాళ్లు ఉన్నారు. ఎస్ఎస్‌హెచ్ ఆ ఫోల్డర్‌ను చూసి, 'దీన్ని ఎవరైనా మార్చగలరు కాబట్టి ఇందులోని తాళంచెవిని నమ్మను' అని తీర్మానించుకుంటుంది. అతిగా తెరిచినందుకు తలుపు మూసుకుపోయినట్టు. ఈ చాదస్తాన్ని కొందరు తిట్టుకుంటారు గాని, న్యాయం ఎస్ఎస్‌హెచ్ పక్షానే ఉంది.

కొన్ని లాకౌట్లు వాటంతటవే తీరిపోతాయి. పాస్‌వర్డులు ఊహించి దూరే దొంగలను ఆపడానికి ఫెయిల్‌టుబ్యాన్ అనే ప్రోగ్రాం వాడతారు. మామూలుగా అది పది నిమిషాల వ్యవధిలో 5 తప్పు ప్రయత్నాలు చూస్తే, అవి వచ్చిన ఇంటర్నెట్ చిరునామాను పది నిమిషాలు వెలివేస్తుంది. అశోక్‌నగర్‌లో ఒక హాస్టల్ గదిలో నలుగురు ఒకే వైఫై వాడుకుంటుంటే, బయటికి ఆ నలుగురిదీ ఒకటే చిరునామా. ఒకడు పాస్‌వర్డు మరిచిపోయిన పాపానికి మిగతా ముగ్గురూ బయటే. ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసుకుంటే చిరునామా మారుతుంది కాబట్టి తక్షణం లోపలికి వెళ్లొచ్చు. దీనికి తిరగబడ్డ రూపం కూడా ఉంది. అద్దెకు తీసుకున్న క్లౌడ్ సర్వర్‌కు 'ఈ ఇంటి చిరునామా నుంచి వస్తే తప్ప రానివ్వకు' అని రాసుకుంటారు. రాత్రి గాలివానకు కరెంటు పోయి, రౌటర్ మళ్లీ లేచేసరికి ఇంటర్నెట్ ఇచ్చేవాళ్లు వేరే చిరునామా ఇస్తారు. ఇల్లు అదే, మనిషి అదే, సర్వర్ మటుకు గుర్తుపట్టదు. ఇందులో ఊరట ఏమిటంటే, ఆ నియమం సర్వర్ లోపల కాకుండా క్లౌడ్ సంస్థ వెబ్ పేజీలో ఉంటుంది. అక్కడికి వెళ్లి కొత్త చిరునామా రాస్తే సరిపోతుంది.

రీస్టార్ట్‌తో బయటపడే తప్పులు వీటికన్నా మొండివి. కొత్త డిస్కు వివరాలు రాసే ఫైల్లో పొరపాటు చేస్తే, వెంటనే ఏమీ కాదు. నెలల తర్వాత సర్వర్ రీస్టార్ట్ అయినప్పుడు అది ఆ డిస్కు కోసం వెతికి, దొరక్క, నెట్‌వర్క్ కూడా లేవకముందే అత్యవసర స్థితిలో ఆగిపోయి, ఎదురుగా ఎవరో కూర్చుని ఉన్నట్టు రూట్ పాస్‌వర్డు అడుగుతుంది. ఎదురుగా ఎవరూ ఉండరు. తప్పు రాసిన మనిషి అప్పటికి వేరే కంపెనీకి వెళ్లిపోయి ఉండనూ వచ్చు.

ఈ బాధ ఆఫీసులకే పరిమితం కాదు. కొడుకు డాలస్‌లో, తల్లిదండ్రులు రాంనగర్‌లో ఉన్న ఇళ్లలో దీని గృహస్థ రూపం కనిపిస్తుంది. టీమ్‌వ్యూయర్, ఎనీడెస్క్ లాంటి ప్రోగ్రాములతో కొడుకు అక్కడి నుంచే తండ్రి కంప్యూటరును సరిచేస్తుంటాడు. కరెంటు బిల్లు కట్టడం దగ్గర్నుంచి పెన్షన్ వాళ్ల లైఫ్ సర్టిఫికెట్ దాకా అన్నీ ఆ కిటికీలోనే జరుగుతాయి. ఒకరోజు వైఫై పాస్‌వర్డు చాలా తేలికగా ఉందని, రౌటర్ పేజీ తెరిచి మారుస్తాడు. సేవ్ నొక్కగానే రౌటర్ కొత్త పాస్‌వర్డు అడుగుతుంది, కంప్యూటరుకు తెలిసింది పాతదే. రాంనగర్‌లో వైఫై తెగుతుంది, డాలస్‌లో కిటికీ మూసుకుపోతుంది. ఇక మిగిలేది ఫోను.

'టీవీ వెనకాల తెల్ల డబ్బా ఉంటుంది చూడు నాన్నా, రెండు కొమ్ములున్నది.'

'దీనికి నాలుగున్నాయిరా.'

'అదే, అదే. కంప్యూటర్లో కింద కుడివైపు వైఫై బొమ్మ నొక్కు.'

'బొమ్మ లేదు, గ్లోబు ఉంది.'

ఈ సంభాషణ అరగంట నడవొచ్చు. మధ్యలో తల్లి ఫోన్ తీసుకుంటే పది నిమిషాల్లో తేలిపోవడమూ ఉంది. ఓపిక నశించి రౌటర్ వెనక రీసెట్ రంధ్రంలో పిన్నీసు గుచ్చమని చెప్పడం మాత్రం మంచి సలహా కాదు. చాలా రౌటర్లలో దానితో వైఫై పాస్‌వర్డుతో పాటు, ఇంటర్నెట్ ఇచ్చే సంస్థ పెట్టిన యూజర్ నేమ్, పాస్‌వర్డు కూడా తుడిచిపెట్టుకుపోతాయి. అప్పుడిక కేబుల్ కుర్రాడు రావాల్సిందే.

తిరిగి లోపలికి వెళ్లే మార్గాలన్నీ ఒకే సూత్రం మీద నడుస్తాయి. మూసుకుపోయిన దారితో సంబంధం లేని ఇంకో దారి పట్టుకోవాలి. పెద్ద సర్వర్లలో అలాంటి దారిని తయారీలోనే పెడతారు. 1998లో ఇంటెల్, డెల్, హెచ్‌పీ, ఎన్ఈసీ కలిసి ఐపీఎంఐ అనే ప్రమాణం తెచ్చాయి. దాని ప్రకారం సర్వర్ లోపల ఇంకో చిన్న కంప్యూటరు ఉంటుంది. పెద్దది ఆగిపోయినా, ప్లగ్‌లో కరెంటు ఉన్నంతసేపు ఇది మేలుకునే ఉంటుంది. దానికి వేరే నెట్‌వర్క్ తీగ, వేరే చిరునామా. దాని ద్వారా పెద్ద సర్వర్‌ను ఆన్ చేయొచ్చు, ఆపొచ్చు, దాని తెరను ఎదురుగా కూర్చున్నట్టు చూడొచ్చు. డెల్ దీన్ని ఐడ్రాక్ అని, హెచ్‌పీ నుంచి విడిపోయిన హెచ్‌పీఈ ఐఎల్‌ఓ అని అమ్ముతాయి.

క్లౌడ్‌లో మెషిన్‌ను ముట్టుకునే ప్రశ్నే లేదు. అమెజాన్ క్లౌడ్ హైదరాబాద్ రీజియన్ 2022 నవంబరులో మొదలైంది. దాని డేటా సెంటర్లు రంగారెడ్డి జిల్లాలో చందన్‌వెల్లి, మీర్‌ఖాన్‌పేట లాంటి చోట్ల కట్టడానికి రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం కుదిరింది. అంటే నారాయణగూడలో ఒక విద్యార్థి అద్దెకు తీసుకున్న సర్వర్, బండి మీద వెళితే చేరుకునేంత దగ్గర్లో ఉండొచ్చు. అయినా గేటు దాటనివ్వరు, దాటినా ఆ సర్వర్ ఫలానా పెట్టె అని చూపించడానికి ఉండదు. ఒకే పెట్టెలో అలాంటివి ఎన్నో అద్దెకు కాపురముంటాయి. కాబట్టి అక్కడ మరమ్మతు వేరే రకం. బయట పడ్డ సర్వర్‌ను వెబ్ పేజీ నుంచి ఆపేసి, దాని డిస్కును విడదీసి, పనిచేస్తున్న ఇంకో సర్వర్‌కు రెండో డిస్కుగా తగిలిస్తారు. అక్కడి నుంచి ఆ డిస్కులోని తప్పు ఫైలును దిద్ది, మళ్లీ సొంత సర్వర్‌కు తగిలించి లేపుతారు. ఇవన్నీ చేతితో స్క్రూ తిప్పకుండా, తెర మీద నొక్కుతూ జరిగే పనులు. 2021 నుంచి అమెజాన్‌లో సీరియల్ కన్సోల్ అనే పక్కదారి కూడా వచ్చింది. నెట్‌వర్క్‌తో పనిలేకుండా నేరుగా లాగిన్ తెరకు అది చేరుస్తుంది. కానీ అక్కడ పాస్‌వర్డు అడుగుతారు. క్లౌడ్ సర్వర్లు తాళంచెవి ఫైళ్ల మీదే నడుస్తాయి కాబట్టి, చాలామంది పాస్‌వర్డు అసలు పెట్టుకునే ఉండరు. పక్కదారి ఉంటుంది, దాని తాళంచెవి మాత్రం ముందే సిద్ధం చేసుకోవాలి.

దీన్ని ముందే ఆపే ఉపాయాల్లో మంచిది, యంత్రానికే గడువు పెట్టడం. 'ఈ మార్పు చేసి చూడు, ఇంతసేపట్లో సరే అనకపోతే పాతదానికి వెళ్లిపో' అని ముందే చెప్పి పెట్టాలి. మార్పు చేసిన మనిషికి యాక్సెస్ పోతే 'సరే' అనే మాట చేరదు. చేరకపోతే మార్పు రద్దవుతుంది, తలుపు తెరుచుకుంటుంది. విండోస్‌లో తెర రిజల్యూషన్ మార్చినప్పుడు 'ఇలాగే ఉంచాలా' అంటూ 15 నుంచి కిందికి లెక్కపెట్టేది ఈ ఉపాయమే. కొత్త అమరికలో తెర నల్లబడిపోతే బొత్తాం కనిపించదు, కనిపించకపోతే నొక్కరు, నొక్కకపోతే పాత తెర వచ్చేస్తుంది. జూనిపర్ రౌటర్లలో 'కమిట్ కన్‌ఫర్మ్‌డ్' అంటే పది నిమిషాల గడువు. ఉబుంటులో 'నెట్‌ప్లాన్ ట్రై' అంటే 120 సెకన్లు. సిస్కో రౌటర్ల మీద పనిచేసేవాళ్లు మార్పు మొదలుపెట్టే ముందే 'పది నిమిషాల్లో రీలోడ్' అని ఆజ్ఞ ఇచ్చి పెడతారు. సేవ్ చేయని మార్పు రీలోడ్‌తో పోతుంది, పాత సెట్టింగులతో రౌటర్ లేస్తుంది. అంతా సరిగ్గా కుదిరితే ఆ రీలోడ్‌ను రద్దు చేయడం మరిచిపోకూడదు. మరిచిపోయి, సాఫీగా నడుస్తున్న నెట్‌వర్క్‌ను పడగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు.

ఈ అలవాట్లు శిక్షణలో అంతగా పట్టుబడవు. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల సంస్థల్లో లినక్స్ నేర్చుకునేవాళ్లు సాధారణంగా తమ ల్యాప్‌టాప్‌లోనే, కంప్యూటరు లోపల కంప్యూటరులా నడిచే ఒక వర్చువల్ మెషిన్ పెట్టుకుని సాధన చేస్తారు. దాని తెర ఎప్పుడూ కళ్ల ముందే ఉంటుంది. ఫైర్‌వాల్ ఎంత తప్పుగా రాసినా బయట పడేది లేదు. ఆ ధీమాతోనే ఉద్యోగంలో చేరి, అమెరికా క్లయింట్ సర్వర్ మీద అర్ధరాత్రి అదే ఆజ్ఞ కొడతారు. మార్పు చేసే ముందు రెండో కిటికీ తెరిచి ఉంచుకోవడం, ఎస్ఎస్‌హెచ్ సెట్టింగుల ఫైలును రీస్టార్ట్‌కు ముందు పరీక్షింపజేయడం, పాత కిటికీ మూయకుండా కొత్తదానితో లాగిన్ అయి చూడడం వాళ్లకు నేర్పేది సిలబస్ కాదు, మొదటి లాకౌట్.

పెద్ద సంస్థలు దీనికి అతీతం కాదు. 2021 అక్టోబరు 4న, మన లెక్కన రాత్రి తొమ్మిది దాటాక ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ ఒక్కసారిగా ఆగిపోయాయి. మామూలు మెయింటెనెన్స్‌లో భాగంగా, డేటా సెంటర్ల మధ్య లైన్ల సామర్థ్యం చూడడానికి ఇచ్చిన ఒక ఆజ్ఞ ఆ లైన్లన్నిటినీ తెంచేసింది. అలాంటి ఆజ్ఞలను పట్టుకోవాల్సిన తనిఖీ ప్రోగ్రాంలో లోపం ఉండడంతో అది ఆపలేదు. లైన్లు తెగాక ఆ సంస్థ చిరునామాలు చెప్పే సర్వర్లు ఇంటర్నెట్ నుంచి తప్పుకున్నాయి. ఇంజినీర్లు సరిచేయడానికి వాడే లోపలి సాధనాలూ ఆ చిరునామాల మీదే ఆధారపడ్డాయి, అవీ పనిచేయలేదు. అత్యవసరానికని పెట్టుకున్న పక్క నెట్‌వర్క్ కూడా అందలేదు. చివరికి మనుషులను డేటా సెంటర్లకు పంపారు. అక్కడి రౌటర్లు, ఎదురుగా నిలబడ్డవాళ్లు కూడా సులువుగా మార్చలేనట్టు కట్టుదిట్టం చేసినవి. అన్నీ తిరిగి లేచేసరికి ఆరు గంటలకు పైనే పట్టింది. కెనడాలో 2022 జులై 8న రోజర్స్ నెట్‌వర్క్ కుప్పకూలినప్పుడు ఇంకో ముచ్చట జరిగింది. దాన్ని సరిచేయాల్సిన ఉద్యోగుల ఫోన్లు కూడా రోజర్స్‌వే. వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికే వేరే కంపెనీ సిమ్‌లు తెచ్చుకోవాల్సివచ్చింది.

ఇలాంటిదాన్ని హైదరాబాద్ కళ్లారా చూసింది 2024 జులై 19న. భద్రతా సాఫ్ట్‌వేర్ అమ్మే క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన ఒక అప్‌డేట్ ఫైలు, మన సమయం ఉదయం తొమ్మిదిన్నర దాటాక విండోస్ కంప్యూటర్లను నీలం తెర మీద నిలబెట్టింది. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం అలా పడ్డవి 85 లక్షలు. గంటన్నర తిరగకముందే సంస్థ ఆ ఫైలును వెనక్కి తీసుకుంది. కానీ అప్పటికే పడ్డ కంప్యూటర్లకు ఆ దిద్దుబాటు అందుకునే తీరిక లేదు. లేచిన వెంటనే, సవరణ దించుకునేలోపే మళ్లీ పడిపోతున్నాయి. లక్షల కంప్యూటర్లను దూరం నుంచి కాపాడే సంస్థ, వాటిలో చాలావాటికి దూరం నుంచి ఏమీ చేయలేకపోయింది. ఒక్కో కంప్యూటరు దగ్గర ఒక్కో మనిషి కూర్చుని, సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ ఫైలును చేత్తో తీసేయాలి. డిస్కుకు బిట్‌లాకర్ తాళం ఉంటే ముందుగా 48 అంకెల రికవరీ కీ కొట్టాలి. ఇంటి నుంచి పనిచేస్తున్నవాళ్లకు హెల్ప్‌డెస్క్ ఫోన్లో చదివి వినిపించాల్సింది ఆ అంకెలే. శంషాబాద్ విమానాశ్రయంలో సిబ్బంది పెన్ను పట్టుకున్నారు. హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ఒక ప్రయాణికుడి చేతిరాత బోర్డింగ్ పాస్ ఫొటో దేశమంతా తిరిగింది.

భూమి మీద ఇంకా మనిషిని పంపే వీలుంది. అంతరిక్షంలో అదీ లేదు. 1976లో అంగారకుడి మీద దిగిన నాసా నౌక వైకింగ్ 1 ఆరేళ్లకు పైగా పనిచేసింది. 1982 నవంబరులో దాని బ్యాటరీ ఛార్జింగ్ మెరుగుపరచడానికి భూమి నుంచి పంపిన సాఫ్ట్‌వేర్, యాంటెన్నాను భూమి వైపు తిప్పే సమాచారం ఉన్న చోటనే రాసుకుపోయింది. యాంటెన్నా పక్కకు తిరిగింది, దాన్ని వెనక్కి తిప్పే ఆజ్ఞ ఇక చేరలేదు. సోవియట్ యూనియన్ 1988లో పంపిన ఫోబోస్ 1కు తప్పు ఆజ్ఞ ఒకటి చేరి, దాని దిశను నిలిపే చిన్న ఇంజన్లను ఆపేసింది. సౌరఫలకాలు సూర్యుడి నుంచి తొలగాయి, బ్యాటరీ అయిపోయింది, సంబంధం తెగింది.

వాయేజర్ 2 కథ వేరుగా ముగిసింది. 1977 ఆగస్టు 20న బయల్దేరిన ఆ నౌక, 2023 జులై నాటికి భూమికి సుమారు 1,990 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంది. జులై 21న పంపిన ఆజ్ఞల వరసలో తప్పు దొర్లి దాని యాంటెన్నా భూమి నుంచి 2 డిగ్రీలు పక్కకు జరిగింది. ఆ దూరంలో రెండు డిగ్రీలంటే మాట పూర్తిగా ఆగిపోయినట్టే. అయితే గడువు ఉపాయం లాంటిది ఒకటి అందులో ముందే పెట్టి ఉంది. ఏడాదికి కొన్నిసార్లు ఆ నౌక, ఎవరూ చెప్పకపోయినా, తన యాంటెన్నాను భూమి వైపు సరిచూసుకుంటుంది. ఆ తర్వాతి సర్దుబాటు అక్టోబరు 15న ఉంది. ఏమీ చేయకపోయినా అప్పటికి సంబంధం తిరిగి కుదిరేది. నాసా అంతదాకా ఆగలేదు. ఆస్ట్రేలియాలో కాన్‌బెర్రా దగ్గర 70 మీటర్ల డిష్ ఒకటుంది. దక్షిణ ఆకాశంలో ఉన్న వాయేజర్ 2కు ఆజ్ఞలు పంపగలిగేది అదొక్కటే. దాని నుంచి అత్యధిక శక్తితో, యాంటెన్నా తిప్పుకోమనే ఆజ్ఞను గట్టిగా కేకేసినట్టు పంపారు. మాట అక్కడికి చేరడానికి పద్దెనిమిదిన్నర గంటలు, జవాబు రావడానికి ఇంకో పద్దెనిమిదిన్నర. మొత్తం 37 గంటల తర్వాత, ఆగస్టు 4న, వాయేజర్ 2 మళ్లీ సమాచారం పంపడం మొదలుపెట్టింది.